మార్చి 9కీ అక్టోబర్ 2కీ ఉన్న చుట్టరికం

శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి సూర్యదేవాలయంలో మూలవిరాట్టు పాదాల మీద ఏడాదికి రెండుసార్లు ఉదయపు ఎండ పడుతుంది. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబర్ మొదటి మూడు రోజుల్లో ఇంకోసారి. ఆ రెండు సందర్భాల్లోనూ వార్తల్లో ఒకే వివరణ తిరుగుతుంటుంది: సూర్యుడు దక్షిణాయనం నుంచి ఉత్తరాయణానికి మారేటప్పుడు మార్చిలో, ఉత్తరాయణం నుంచి దక్షిణాయనానికి మారేటప్పుడు అక్టోబర్‌లో కిరణాలు స్వామిని తాకుతాయని. వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది, కానీ తప్పు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22ల్లో. దక్షిణానికి మళ్లేది జూన్ 21 దగ్గర. అరసవల్లి తేదీలు అయనానికి, అంటే పొద్దు మళ్లే ఆ మలుపు రోజులకు చెందినవి కావు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు పది రోజులు అటూ ఇటూగా ఉన్న తేదీలవి.

ఇంత చిన్న తప్పును పట్టుకుని ఇంత పొడుగు రాయాలా అంటే, రాయాలనే అంటాను. సూర్యారాధన గురించి మాట్లాడేవాళ్లు మన దగ్గర ఎక్కువగా రెండు జట్లు. ఒక జట్టుకు అంతా మహిమ. రెండో జట్టుకు అంతా పూర్వీకులు దాచిపెట్టిన రహస్య విజ్ఞానం. ఆ తెల్లవారుజామున మండపంలో నిలబడి, వెలుగు నిన్న ఏ బండ మీద ఆగింది, ఇవాళ ఎటు జరిగింది అని చూసేవాళ్లు రెండు జట్లలోనూ అరుదు. పాతకాలపు సూర్యారాధకులు చేసింది సరిగ్గా ఆ పనే. పొద్దును కనిపెట్టి ఉండటం వాళ్ల పూజకు అనుబంధం కాదు, పూజలో ముఖ్యమైన ముక్క. ఎక్కడ చూడటం మానేశారో అక్కడ తేదీ జారింది, కథ పెరిగింది.

ముందు ఆ రెండు తేదీల సంగతి. పొద్దు ఏటా తూర్పు దిక్కున ఉత్తరానికీ దక్షిణానికీ గోడ గడియారం లోలకంలా ఊగుతుంది. డిసెంబర్‌లో దక్షిణపు కొసన పొడుస్తుంది, జూన్‌లో ఉత్తరపు కొసన. మధ్యలో ఏ చోటు తీసుకున్నా పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాన్ని దాటాలి కదా. కాబట్టి ఒక ద్వారం ఏ దిక్కుకు తిరిగి ఉన్నా, ఆ దిక్కు లోలకం పరిధిలో ఉంటే, కిరణం ఏడాదికి రెండుసార్లు పడి తీరాలి. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21కి 80 రోజులు. డిసెంబర్ 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. ఆ రెండు తేదీల చుట్టరికం ఇదే. రెండు రోజులూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖను ఆకాశానికి పొడిగిస్తే వచ్చే గీతకు) దక్షిణంగా దాదాపు 4 డిగ్రీల దూరంలో ఉంటాడు, ఆ దూరాన్నే క్రాంతి అంటారు. అరసవల్లి అక్షాంశంలో అప్పుడు పొద్దుపొడుపు నిక్కమైన తూర్పుకు 4 డిగ్రీల చిల్లర దక్షిణంగా జరుగుతుంది.

ఈ లెక్కను ఏ గుడికైనా పెట్టి చూడొచ్చు. బెంగళూరు గవి గంగాధరేశ్వర ఆలయంలో సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణం లింగాన్ని తాకుతుందని జనం కిటకిటలాడతారు. జనవరి 14 అంటే అయనం తర్వాత 24వ రోజు. అయనానికి 24 రోజుల ముందు, అంటే నవంబర్ 27 ప్రాంతంలో కూడా అదే కిరణం అక్కడే పడాలి. పడుతుంది కూడా. ఆ రోజు పండుగ లేదు కాబట్టి గుంపు ఉండదు, అంతే. ఎవరైనా మా ఊరి గుళ్లో ఏడాదికి ఒక్క రోజే కిరణం పడుతుందని చెబితే అడగాల్సిన మొదటి ప్రశ్న రెండో తేదీ ఏదని. సమాధానం రాకపోతే ఆ రోజుల్లో మబ్బు పట్టి ఉండాలి, దారిలో చెట్టో రేకుల షెడ్డో లేచి ఉండాలి, లేదా ఎవరూ చూసి ఉండకూడదు. ద్వారం సరిగ్గా అయనపు కొసకే గురిపెట్టి ఉంటే మాత్రం రెండు తేదీలూ కలిసిపోతాయి.

అరసవల్లిలో రెండు మూడు రోజులే ఎందుకు? విషువత్తు దగ్గర పొద్దు పరుగు మీద ఉంటుంది. రోజుకు 0.4 డిగ్రీ జరుగుతుంది, ఇది సూర్యబింబం వెడల్పుకు కాస్తే తక్కువ. 60 మీటర్ల పొడవున్న దారి చివర ఆ 0.4 డిగ్రీ దాదాపు 42 సెంటీమీటర్లు అవుతుంది. రోజుకు మూరెడు అనుకోండి. ఇవాళ పాదాల మీదున్న వెలుగు ఎల్లుండికి పక్క గోడ ఎక్కేస్తుంది. అయనం దగ్గర ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ పొద్దు వారం పైగా నిలబడ్డట్టే ఉంటుంది. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధి దిబ్బ సుమారు 5200 ఏళ్ల నాటిది, డిసెంబర్ అయనానికి గురిపెట్టి కట్టింది. అక్కడ 19 మీటర్ల సొరంగంలోకి వెలుగు ఒక్క రోజు కాదు, ఆ చుట్టుపక్కల చాలా రోజులు వస్తుంది. అందుకే రోజును గట్టిగా పట్టుకోవాలనుకునేవాడికి విషువత్తు మంచిది. ఏడాది మలుపును చూడాలనుకునేవాడికి అయనం తప్పదు, కానీ అక్కడ తేదీ చేతికి దొరకదు.

వెలుగు అంచు కత్తితో కోసినట్టు ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. 60 మీటర్ల దూరంలో ద్వారబంధం నీడ అంచు అర మీటరు మేర మసకగా ఉంటుంది. సరిగ్గా పాదం బొటనవేలి మీదే పడిందని చెప్పేవాళ్లను నేను నమ్మను. పైగా పొద్దు ఈ అక్షాంశంలో ఒక డిగ్రీ ఎత్తు ఎక్కడానికి నాలుగు నిమిషాలు చాలు. ఎక్కేకొద్దీ ద్వారం పై కమ్మీ నీడ కిందికి దిగి వెలుగును నేలకు తోసేస్తుంది. మొత్తం వ్యవహారం కొద్ది నిమిషాల్లో ముగిసిపోయేది అందుకే.

ఇక ద్వారాన్ని కావలసిన దిక్కుకు నిలబెట్టడం ఎలా? దిక్సూచితో కాదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల కాలం నుంచి ఖగోళ లెక్కల సిద్ధాంత గ్రంథాల దాకా ఒకటే పనిముట్టు, శంకువు. నీళ్లు పోసి సరిచూసుకున్న చదును నేల మీద 12 అంగుళాల పుల్లను నిలువుగా పాతుతారు. ఈ అంగుళం మన స్కేలు మీది ఇంచు కాదు, వేలి వెడల్పు. పుల్ల మొదలే కేంద్రంగా తాడుతో వలయం గీస్తారు. పుల్ల పొడవుకు రెట్టింపు వ్యాసార్ధం తీసుకుంటే నీడ కొస ఉదయం ఎనిమిది తొమ్మిది మధ్య వలయం లోపలికి వస్తుంది, సాయంత్రం అదే వలయాన్ని దాటి బయటికి పోతుంది. లోపలికి వచ్చిన చోట ఒక గుర్తు, పోయిన చోట ఒక గుర్తు. రెండింటినీ కలిపితే తూర్పు పడమర గీత వచ్చేసింది. ఆ రెండు గుర్తుల నుంచి తాడుతో రెండు చాపాలు గీస్తే మధ్యలో చేప ఆకారం ఏర్పడుతుంది. దాని నోటినీ తోకనూ కలిపిన గీత ఉత్తర దక్షిణం.

రాయడానికి ఐదు నిమిషాల పని. చేసేటప్పుడు తప్పేది ఎక్కడంటే, ముందుగా పుల్ల దగ్గరే. అది కొద్దిగా తూర్పుకో పడమరకో ఒరిగినా గీత మొత్తం తిరిగిపోతుంది, కాబట్టి తాపీమేస్త్రీ తూకం గుండు వేలాడదీసి చూసుకోవాలి. పుల్ల మొనను సూదిలా చెక్కడం ఇంకో పొరపాటు. పదును మొన నీడ మసకలో కరిగిపోయి నీడ పొట్టిగా కనిపిస్తుంది. మొద్దుగా ఉంచి, మసక మధ్యలో గుర్తు పెట్టడమే నయం. మూడోది కాలం. విషువత్తు రోజుల్లో సూర్యుడి క్రాంతి గంటకు ఒక కళ (డిగ్రీలో అరవయ్యో వంతు) చొప్పున మారుతుంది. అంటే ఉదయం గుర్తుకీ సాయంత్రం గుర్తుకీ నడుమ సూర్యుడు కాస్త దారి తప్పి ఉంటాడు. సిద్ధాంతకారులు దీన్ని గమనించి సవరణ కూడా చెప్పారు. సవరణ బాధ లేకుండా కావాలంటే అయనం దగ్గర కొలవాలి. ఇప్పటివాళ్లు ఫోన్‌లో దిక్సూచి పెట్టి గుడి దిక్కు చెప్పేస్తుంటారు. స్లాబులోని ఇనుము, ధ్వజస్తంభం పక్కన గ్రిల్లు, ఫోన్ కవరులోని అయస్కాంతం కలిసి రెండు మూడు డిగ్రీలు సులభంగా లాగేస్తాయి. విషువత్తు దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే తేదీలో రెండున్నర రోజులు తప్పినట్టే.

అదే శంకువుతో ఊరి అక్షాంశమూ తెలుస్తుంది. విషువత్తు నాటి మధ్యాహ్నం దాని నీడ పొడవును పలభ అంటారు. తిరుపతిలో అది 3 అంగుళాలకు కాస్త తక్కువ, హైదరాబాద్‌లో 3¾, అరసవల్లిలో దాదాపు సరిగ్గా 4, ఉజ్జయినిలో 5 పైన. ఉత్తరానికి పోయేకొద్దీ నీడ సాగుతుంది. పాత పంచాంగకర్తలకు ఊరి పేరు కంటే ఊరి పలభ ముఖ్యం.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆదిత్యుడి అధ్యాయాన్ని మొదలుపెట్టే తీరు చూడండి. ఆశ్లేష సగంలో దక్షిణాయనం, ధనిష్ఠ మొదట్లో ఉత్తరాయణం ఒకప్పుడు ఉండి ఉండాలి, పూర్వశాస్త్రాల్లో అలా చెప్పారు కాబట్టి అంటాడు. ఇప్పుడు మాత్రం కర్కాటకం మొదట్లో, మకరం మొదట్లో జరుగుతున్నాయి అంటాడు. చెప్పినదానికి తేడా వస్తే ప్రత్యక్ష పరీక్షతో తేల్చుకోమంటాడు. ఎలా తేల్చుకోవాలో కూడా చెబుతాడు: ఉదయాస్తమయాల్లో దూరపు గుర్తుకు గురి చూడు, లేదా పెద్ద వలయంలో నీడ వచ్చిన చోటూ పోయిన చోటూ గుర్తు పెట్టు. పాత శాస్త్రం అబద్ధమనడు, ఇప్పటికీ అదే నిజమని పట్టుకు వేలాడడు. ఆకాశం జరిగిందేమో వెళ్లి చూడమంటాడు.

మనం వెళ్లి చూడలేదు. మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటూనే జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటున్నాం. పొద్దు ఉత్తరానికి మళ్లి అప్పటికి 24 రోజులు. క్రీ.శ. మూడో శతాబ్దం చివర ఆ రెండూ ఒకే రోజు. భూమి అక్షం మెల్లగా తిరుగుతుండటం వల్ల నక్షత్రాలను బట్టి లెక్కించే మకర ప్రవేశం సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతోంది. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆ తేదీ 1863 జనవరి 12. ఆ పండుగ ఇప్పుడు 14కో 15కో వచ్చిందంటే జరిగింది ఇదే. సంక్రాంతిని డిసెంబర్‌కు మార్చమని నేను అడగడం లేదు. కోత అయ్యాక వచ్చే పండుగ అది, ధాన్యం ఇంటికి చేరిన వేళలోనే దాని అందమంతా. కానీ ఆ రోజే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని పిల్లలకు చెప్పడం మాత్రం మానేయొచ్చు. రథసప్తమి ఇంకా దూరం. సూర్యుడి రథం ఉత్తరానికి మళ్లే రోజు అంటారు గానీ అది మాఘ శుద్ధ సప్తమి, చంద్రుడి తిథి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా ఎక్కడైనా పడుతుంది. దానికి ఎండతో కొలత సంబంధం లేదు. అర్కుడంటే సూర్యుడూ జిల్లేడూ కాబట్టి ఏడు జిల్లేడు ఆకులు పెట్టుకుని తలంటుకునే ఆచారం ఉంది. ఆకు తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఆకులు ముందు రోజే కోసి, కాడలు కడిగి ఉంచుకోండి.

ఇలా జారింది మన ఒక్కరి పండుగే కాదు. జూలియస్ సీజర్ పంచాంగంలో డిసెంబర్ 25 అయనపు రోజుగా పేరుపడింది. ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించింది క్రీ.శ. 274లో, 354 నాటి రోమన్ పంచాంగంలో డిసెంబర్ 25న అజేయుడి, అంటే ఆ సూర్యదేవుడి పుట్టినరోజు కనిపిస్తుంది. అప్పటికే అసలు అయనం నాలుగు రోజులు ముందుకు వచ్చేసింది. అందుకు ముఖ్య కారణం, జూలియన్ సంవత్సరం అసలు కంటే 11 నిమిషాలు పొడవు, 128 ఏళ్లకు ఒక రోజు తప్పుతుంది. 1582లో పోప్ గ్రెగరీ 10 రోజులు కోసేసినా సరిచేసింది క్రీ.శ. 325 నాటి స్థితికే, సీజర్ నాటి స్థితికి కాదు. అందుకే డిసెంబర్ 25 ఇప్పటికీ అయనానికి నాలుగు రోజుల వెనకే ఉండిపోయింది. సంక్రాంతి, క్రిస్మస్ తేదీలు ఒకే మలుపు దగ్గర బయలుదేరి, వేర్వేరు కారణాలతో, వేర్వేరు వేగంతో దూరం జరిగాయి.

రాళ్లు అలా జరగలేదు. అక్షం తిరిగినా పొద్దుపొడుపు దిక్కు మారదు. అక్షం వంపు మారితేనే మారుతుంది, ఆ మార్పు శతాబ్దానికి డిగ్రీలో వందో వంతు చిల్లర. అరసవల్లి గుడిని ఏడో శతాబ్దపు కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. అదే నిజమైతే అప్పటికీ ఇప్పటికీ వంపు మారింది సూర్యబింబంలో మూడో వంతు కంటే ఎక్కువ కాదు. పెరూలో చాంకిల్లో అనే చోట ఒక కొండ వెన్ను మీద 13 బురుజులు వరసగా ఉన్నాయి, 2300 ఏళ్ల నాటివి. పక్కన ఒక నిర్ణీత స్థలంలో నిలబడి పొద్దు ఏ బురుజు పక్క నుంచి పొడిచిందో చూస్తే ఒకటి రెండు రోజుల తేడాతో ఇవాళ్టికీ తేదీ చెప్పొచ్చు. కట్టినవాళ్ల పేరు తెలియదు, భాష తెలియదు, పంచాంగం మిగల్లేదు. పనిముట్టు పనిచేస్తోంది. వరాహమిహిరుడు చెప్పిన దూరపు గుర్తుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కథ పెరగడం గురించి చెప్పాను కదా, ఈజిప్టు అబూ సింబెల్ దానికి చక్కటి నమూనా. రెండో రామెసిస్ కొండను తొలిపించిన గుడిలో 60 మీటర్ల లోపల నాలుగు విగ్రహాలు కూర్చుని ఉంటాయి. ఫిబ్రవరి 22న, అక్టోబర్ 22న ఉదయపు వెలుగు వాటి దాకా వెళుతుంది. ఒక అంచున ఉన్న ప్తాహ్ దేవుడు మాత్రం చీకట్లోనే ఉండిపోతాడు. ఆ తేదీలు రాజు పుట్టినరోజూ పట్టాభిషేకం రోజూ అని గైడ్లందరూ చెబుతారు. అయనానికి అటు 60 రోజులు, ఇటు 63. అంటే ఇవి రెండు వేర్వేరు తేదీలు కావు, ఒకే దిక్కుకు ఉన్న రెండు ముఖాలు. ఒకటి ఎంచుకుంటే రెండోది దానంతట అదే వస్తుంది. రాజు పుట్టినరోజూ పట్టాభిషేకమూ అయనానికి అటూ ఇటూ అంత పొందిగ్గా సర్దుకున్నాయా? అంతకంటే పెద్ద చిక్కు ఉంది. ఈజిప్టు పౌర పంచాంగం 365 రోజులది, లీపు లేదు. నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల నుంచి జారిపోతుంది. రామెసిస్ పాలించిన 66 ఏళ్ల పైచిలుకులో అతని పుట్టినరోజు సూర్యుణ్ని బట్టి 16 రోజులు జరిగిపోయి ఉంటుంది. కదలని కొండ ద్వారం కదిలే పుట్టినరోజును ఎలా పట్టుకుంటుంది? 1964 నుంచి 1968 దాకా ఆ గుడిని ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి జరిపి మళ్లీ నిలబెట్టారు. నాసర్ జలాశయంలో మునిగిపోకుండా చేసిన ఆ పనిలో దిక్కు తప్పకుండా చూసుకోవడమే నాకు ఆ గుడి కథలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. దానికి పుట్టినరోజు కథ అవసరం లేదు.

మన దగ్గర దానికి జోడీ కోణార్క. రాతి చక్రం ఇరుసు మీద వేలు పెట్టి, నీడ చక్రంలోని ఏ ఆకు (స్పోక్) మీద పడిందో చూసి నిమిషం తప్పకుండా సమయం చెబుతున్నట్టు వీడియోలు తిరుగుతున్నాయి. 8 పెద్ద ఆకులు, 8 సన్న ఆకులు, మధ్య దూరం గంటన్నర అని లెక్క. ఇది నిలువు గోడ మీది చక్రం. ఆకులు సమాన దూరంలో ఉన్నాయి. గోడకు అడ్డంగా పొడుచుకొచ్చిన వేలి నీడ సమాన కాలంలో సమాన కోణం తిరగాలంటే ఆ చక్రం భూమధ్యరేఖ తలానికి సమాంతరంగా వాలి ఉండాలి, నిలువుగా కాదు. నిలువు గోడ మీద నీడ వేగం గంటగంటకూ మారుతుంది, ఒకే గంటకు నెలనెలకూ మారుతుంది. ఇది చాలదంటే ఇంకోటి. కోణార్క అక్షాంశం దాదాపు 20 డిగ్రీలు. మే 20 ప్రాంతం నుంచి జులై 24 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ చక్రానికి ఎండే తగలదు. రెండు నెలలు మధ్యాహ్నం ఆగిపోయే గడియారం అన్నమాట. 13వ శతాబ్దపు శిల్పులు సూర్యుడికి రథం చెక్కారు. ఆ 24 చక్రాలు చూసి నోరెళ్లబెట్టడానికి అది చాలదా?

పాదాల మీద వెలుగు అరసవల్లికి అంత గౌరవమైంది గానీ, మత్స్యపురాణం సూర్య విగ్రహానికి పాదాలు చెక్కొద్దని, చెక్కినవాడికి కుష్ఠు వస్తుందని బెదిరిస్తుంది. బృహత్సంహిత సూర్యుణ్ని ఉత్తరదేశపు వేషంలో, పాదాల నుంచి రొమ్ము దాకా కప్పి చూపమంటుంది. నడుముకు అవ్యంగం అనే పట్టీ కట్టమంటుంది. ఆ మాట ఇరాన్ వైపు నుంచి మగులు అనే పురోహితులతో వచ్చింది. ఉత్తరాది సూర్య విగ్రహాలకు మోకాళ్ల దాకా బూట్లు ఉండటం అందుకే. దక్షిణాదికి దిగేసరికి బూట్లు పోయి, చేతుల్లోని తామరలు భుజాల ఎత్తున నిలిచాయి. అరసవల్లి కిరణం పాదాలను వెతుక్కోవాలంటే ముందు ఆ బూట్లు ఊడాలి.

అక్టోబర్‌లో అరసవల్లి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ రోజుల్లో వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గవు, తూర్పున సముద్రం మీద మబ్బు అడ్డు ఎక్కువ. చాలా ఏళ్లు కిరణం దొరక్క జనం ఉసూరుమంటూ తిరిగొస్తారు. మబ్బు లేని మార్చి ఉదయాలు నమ్మకమైనవి. ఒక్క రోజు కాకుండా వరసగా మూడు రోజులు వెళ్లగలిగితే స్వామి మొహం కంటే ముందు నేల చూడండి. మార్చిలో పొద్దు రోజూ ఉత్తరానికి జరుగుతుంది కాబట్టి లోపలి వెలుగు దక్షిణానికి, అంటే పడమటి వైపు తిరిగి దండం పెట్టేవాళ్ల ఎడమకు జరుగుతుంది. అక్టోబర్‌లో సరిగ్గా ఎదురు, కుడికి. మొదటి రోజు వెలుగు అంచు ఆగిన బండకు పసుపు బొట్టు పెట్టి, మర్నాడు అదే నిమిషానికి అది ఆ బొట్టును ఎంత దాటిందో జానతో కొలవండి.